పొట్టు రాసిన జవాబు

మెయిళ్ళు చూసుకోవడానికి కంప్యూటర్లో ప్రత్యేకంగా ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకునే అలవాటు లోకంలో దాదాపు అంతరించిపోయింది. అయినా విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో ఒక రంగుల కొట్టు పైన, రెండు గదుల ఆఫీసులో, పన్నెండు మంది ఇంకా ఆ పనే పట్టుకుని వేలాడుతున్నారు. వాళ్ళు చేసే సాఫ్ట్‌వేర్ పేరు అంచె. అది ఉంటే మెయిళ్ళన్నీ ఎక్కడో దూరదేశపు సర్వర్లలో కాకుండా మన కంప్యూటర్లోనే ఒక పెద్ద ఫైలుగా ఉంటాయి. నెట్ ఉన్నా లేకపోయినా తెరిచి చదువుకోవచ్చు. ఒకసారి తుఫానుకి ఊరంతా నెట్ లేక అల్లాడినప్పుడు షిప్పింగ్ ఏజెంట్లు జనరేటర్లు పెట్టుకుని, అంచెలో పాత మెయిళ్ళు తీసి, ఓడల్లోంచి సరుకు దింపించుకున్నారు. కంపెనీ యజమాని భానోజీరావు ఆ సంగతి ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు. వినేవాళ్ళే తగ్గిపోయారు.

తగ్గక ఏం చేస్తారు. పెద్ద మెయిలు కంపెనీలు లాగిన్ పద్ధతి మార్చినప్పుడల్లా అంచె గుమ్మం దగ్గరే ఆగిపోయేది. దాన్ని బాగుచేసేలోపు పదిమంది లాయర్లు, నలుగురు ఆడిటర్లు దండం పెట్టి వెళ్ళిపోయేవారు. మిగిలినవాళ్ళ ఫైళ్ళు ఏళ్ళ తరబడి ఉబ్బిపోయి, తెరుచుకునేలోపు కిందికెళ్ళి టీ తాగి రావచ్చు. ఫోనులో వచ్చేదానికి ఇదెందుకండీ అని కొత్తగా చేరిన గుమస్తాలు అడిగితే, ముసలి ఆడిటర్లకి కూడా జవాబు తోచేది కాదు.

సుభాషిణికి మాత్రం తోచేది. అంచె పుట్టిన దగ్గర్నించీ దాని ప్రోగ్రాము రాసింది ఆమే. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు బాధపడనూ లేదు. తన మాట తన దగ్గరుండాలి, పరాయివాడి గోడౌన్లో కాదు అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో కాస్త గర్వం కనిపించేది. ఆ గర్వం ఆమెకి తర్వాత బాగా ఖరీదైంది.

ఆఫీసులో ఎస్తేరు అని ఒక అమ్మాయి ఉంది. భీమిలి నుంచి రోజూ బస్సులో వస్తుంది, మాట తక్కువ. ఫైళ్ళు ఎందుకు ఉబ్బుతున్నాయో చూడమని భానోజీరావు ఆమెకి అప్పగించాడు. మెయిలు చెరిపేసినంత మాత్రాన ఫైల్లోంచి పోదు. ఫైలుని కుదించమని చెబితేనే పోతుంది. ఆ సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు బద్ధకిస్తారు. అదంతా ఎస్తేరుకి తెలిసిందే. ఆమెకి కొత్తగా దొరికింది వేరు. రాస్తుండగా కరెంటు పోతే రాసింది పోకూడదని అంచె కొన్ని క్షణాలకోసారి రాతని దాచేది. అంటే మనిషి రాసి, నాలుక కరుచుకుని, చెరిపేసి, మర్యాదగా మళ్ళీ రాసి పంపిన ప్రతి ఉత్తరం వెనకా, ఆ చెరిపేసిన వాక్యాలన్నీ ఫైలు అడుగున పడి ఉన్నాయి. ఉబ్బులో సగానికి పైగా అదే సరుకు. దానికి పొట్టు అని పేరు పెట్టింది సుభాషిణే.

ఆ పొట్టుని పారేద్దామని భానోజీరావు అన్నాడు. సుభాషిణి ఒక్క ప్రయోగం చేయనిమ్మంది. అప్పటికి ఉత్తరాలకి జవాబులు రాసిపెట్టే యంత్రాలు సందుకొకటి పుట్టుకొచ్చాయి. అవన్నీ మనం పంపిన ఉత్తరాలు చదివి మనలాగే రాయడం నేర్చుకునేవి. సుభాషిణి ఒక చిన్న యంత్రానికి పంపిన ఉత్తరాలు మాని పొట్టు మాత్రమే చదివించింది. ముందుగా భానోజీరావు ఫైలు మీద నడిపింది. బరంపురం డీలరొకాయన, ఇద్దరం కలిసి వ్యాపారం చేద్దామని రాసిన ఉత్తరం అందులో ఉంది. మామూలు యంత్రం, తప్పకుండా కలుద్దాం బాబుగారూ అని రాసింది. పొట్టు తిన్న యంత్రం, మీ లెక్కలంటే నాకు నమ్మకం లేదు, ఇంక అడగొద్దు అని రాసింది. భానోజీరావు పడీ పడీ నవ్వాడు. వేసంగి వెళ్ళేలోపు ఆ డీలరుతో అక్షరాలా ఆ మాటే అని ఫోను పెట్టేశాడు. పెట్టేశాక వచ్చి సుభాషిణి బల్ల పక్కన నిలబడి, తన గుండెలోకి తొంగి చూసినట్టుందని, భయమేస్తోందని, దీన్ని వెంటనే అమ్ముదామని ఒకే ఊపిరిలో చెప్పాడు.

అంచెకి మళ్ళీ ఊపిరి వచ్చింది. ఈ పని డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకెవరూ చేయలేరు. ఆ పొట్టు, అంచె వాడేవాడి కంప్యూటర్లో తప్ప ఎక్కడా మిగలదు మరి. రోజంతా జవాబులు రాయలేక చచ్చే జనానికి, వాళ్ళు చివరికి చెప్పబోయే మాటని ముందే చెప్పిపెట్టే నౌకరు దొరుకుతాడన్నమాట. మనిషి మొహమాటంతో నెలల తరబడి నానబెట్టేదాన్ని అది చిటికెలో తేల్చేస్తుంది. దానికి ‘మనసులో మాట’ అని పేరు పెట్టారు.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తది ఏది చేసినా బయటివాళ్ళకంటే ముందు తమ సొంత మెయిళ్ళ మీదే వాడి చూస్తారు. ఈసారి ఒక్కొక్కరూ ఒక్కో ఫోల్డరు ఇవ్వాలి, అందులోకొచ్చే ఉత్తరాలకి యంత్రం తనంతట తానే జవాబు పంపేస్తుంది, వారం చివర కూర్చుని అందరూ చూసుకుంటారు. భానోజీరావు రియల్ ఎస్టేట్ వాళ్ళ ఉత్తరాల ఫోల్డరు ఇచ్చాడు. ఎస్తేరు చర్చి పాటల బృందం ఫోల్డరు ఇచ్చింది. సుభాషిణి తన చెల్లెలు హైమ ఫోల్డరు ఇచ్చింది.

ఎందుకిచ్చారని ఎస్తేరు అడగలేదు గానీ అడిగి ఉంటే, అందులో ఉండేదేముంది, వానలూ కూరగాయల ధరలూ తప్ప అని సుభాషిణి చెప్పేది. అది నిజమే. నెలకి రెండో మూడో ఉత్తరాలు. అసలు నిజం ఏమిటంటే, హైమకి జవాబు రాయడం ఆమెకి పంటి నొప్పితో సమానం. అది ఒకరి నెత్తిన పడేస్తే బతికిపోతానని లోపల్లోపల అనుకుంది.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకోరు. మాట్లాడితే రెండో మాటకే కొట్టుకుంటారు. వాళ్ళమ్మ జబ్బుపడి విశాఖలో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, సుభాషిణి ఒక్కపూట ఆఫీసుకి వెళ్ళొచ్చేసరికి హైమ తల్లిని డిశ్చార్జి చేయించి విజయనగరం తీసుకుపోయింది. మూడో రోజున ఆవిడ పోయింది. అక్కని అడగకుండా ఎందుకు తీసుకెళ్ళావంటే హైమ సరైన జవాబు చెప్పలేదు. అప్పట్నించీ ఉత్తరాలే. ప్రతి ఉత్తరానికీ సుభాషిణి ముందు, అమ్మని నువ్వే చంపావు, అని రాసేది. కాసేపు దానివంక చూసేది. చెరిపేసి, ఎలా ఉన్నావు, పిల్లల పరీక్షలెలా అయ్యాయి అని రాసి పంపేది. తన ఫైలుని ఆమె ఏనాడూ కుదించలేదు. నా సాఫ్ట్‌వేర్ ఎంత ఫైలునైనా మోస్తుంది అని చెప్పుకోవడం ఆమెకి సరదా.

ఒక శనివారం ఎస్తేరు వచ్చి, మీరొకసారి ఇటు రండి మేడమ్ అని పిలిచింది. ఆ వారమంతా జ్వరంతో రాని సుభాషిణి ఆ రోజే వచ్చింది, అంతకు ముందు వారం లాగిన్ గొడవలో ఫలితాలు ఎవరూ చూసుకోలేదు. తెర మీద హైమ ఉత్తరం ఉంది.

“అక్కా, ఇది అడగడానికి చాలా రోజులు ఆలోచించాను. నా కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాను. నీకు చెప్పలేదు, చెబితే అడిగినట్టే ఉంటుందని. ఆయనకి షుగరు, పనికిరాదన్నారు. తోడబుట్టినవాళ్ళదైతే బాగా కుదురుతుందని డాక్టరు అన్నారు. మనిద్దరిదీ ఒకటే గ్రూపని నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు కాదన్నా నేనేమీ అనుకోను. హైమ.”

దాని కిందే జవాబు. వెళ్ళి పన్నెండు రోజులైంది.

“హైమా, ఇవ్వను. అమ్మని ఎత్తుకుపోయిన రోజు నన్నొక్క మాట అడిగావా? ఇవాళ నా ఒంట్లోది అడగడానికి నోరెలా వచ్చింది? అమ్మని నువ్వే చంపావు. నీకేదైనా అయితే నేను ఏడవనని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇంక నన్ను అడగొద్దు. సుభాషిణి.”

సుభాషిణి దాన్ని మళ్ళీ మొదట్నించీ చదివింది. కిడ్నీ ఇవ్వనన్న ముక్క తప్ప అందులో యంత్రం సొంతంగా పుట్టించిన మాట ఒక్కటీ లేదు. మిగతా ప్రతి వాక్యమూ ఏదో ఒక సంవత్సరం, ఏదో ఒక సాయంత్రం ఆమె వేళ్ళే కొట్టాయి, ఆమె వేళ్ళే చెరిపేశాయి. ఎస్తేరు మంచినీళ్ళ సీసా ఆమె ముందు పెట్టి పక్కకి వెళ్ళింది.

భానోజీరావు గదిలోకి వెళ్ళి సుభాషిణి ఆ రోజు అన్నన్ని మాటలు అంతకు ముందెన్నడూ అనలేదు. ఈ యంత్రం అబద్ధాలకోరని, చెరిపేసినదాన్నే నిజమనుకుంటుందని, మనిషి చెరపడంలోనే మనిషితనం ఉందని, వెంటనే ఆపేయాలని అంది. ఇది వెయ్యి కంప్యూటర్లలోకి వెళితే వెయ్యి ఇళ్ళు కూలుతాయంది. భానోజీరావు అంతా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇది తప్ప కంపెనీకి వేరే దారి లేదని మాత్రం ఆయనకి తెలుసు. ఆ కంపెనీ మీద పన్నెండు కుటుంబాలు బతుకుతున్నాయి.

“ఒక్కటే అడుగుతానమ్మా,” అన్నాడు. “ఈ ఉత్తరం నీ చేతికే వచ్చుంటే ఏటి రాసుందువు?”

“ఇస్తానని రాసేదాన్ని.”

“ఇప్పుడిస్తావా మరి?”

“ఇస్తాను సార్.”

భానోజీరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయితే ఇది తప్పు రాసినట్టే, తప్పు రాసే సరుకుని నేను అమ్మను, అన్నాడు. ఎస్తేరుని పిలిచి ‘మనసులో మాట’ని ప్రోగ్రాములోంచి తీసేయమన్నాడు. ఆపరేషనుకి మూడు నెలలు జీతంతో సెలవు తీసుకోమని, తర్వాత కంపెనీ ఉంటే ఉంటుంది లేకపోతే లేదని, తోడబుట్టినదానికంటే ఏదీ ఎక్కువ కాదని చెప్పాడు. బయట మిగతావాళ్ళకి విషయం తెలిసి, ఉద్యోగాల సంగతి పక్కనపెట్టి, ఒక్కొక్కరే వచ్చి ఆమె చేయి పట్టుకున్నారు. అంతమంది కళ్ళలో తన పట్ల అంత గౌరవం సుభాషిణి ఎప్పుడూ చూడలేదు. అది ఆమెకి చాలా హాయిగా అనిపించింది.

ఆదివారం వస్తున్నానని చెల్లెలికి రెండు ముక్కలు పంపింది. రా అక్కా అని జవాబొచ్చింది.

విజయనగరంలో హైమ ఇల్లు కోటకి దగ్గరే. తలుపు తీసిన మనిషిని సుభాషిణి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది. మొహం ఉబ్బి, రంగు తిరిగి, కాళ్ళు చెప్పుల్లో పట్టకుండా ఉన్నాయి. ఎడమ చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చే చోట నరం తాడులా లేచి ఉంది. హైమ నవ్వి లోపలికి రమ్మంది. భర్త జగన్నాథం కూడా హైమలాగే బడి పంతులు, నెమ్మదైనవాడు. వదినగారికి కాఫీ ఇచ్చి, పిల్లల్ని వెంటబెట్టుకుని బజారుకని బయల్దేరాడు. మధ్యాహ్నం దాకా రామని అవసరం లేకపోయినా చెప్పి వెళ్ళాడు.

ఇద్దరూ మిగిలారు. ఇప్పుడే చెప్పేయాలనుకుంది సుభాషిణి. ఆ జవాబు నేను రాయలేదు, నా కిడ్నీ ఇస్తాను, పద డాక్టరు దగ్గరికి. దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చిన మాటలే. కాఫీ చల్లారిపోతోందని తాగింది. తాగాక చెబుదామనుకుంది.

హైమ కూర తరుగుతూ ఏవేవో మాట్లాడింది. రోజుకి చెంబుడు నీళ్ళకి మించి తాగకూడదట, దాహమేస్తే ఐసు ముక్క చప్పరిస్తుందట. బడిలో పిల్లలు టీచరు లావెక్కిందని నవ్వుకుంటున్నారట. సుభాషిణి ఊ కొట్టింది. హైమ మాట ఆపినప్పుడల్లా గదిలో ఖాళీ ఏర్పడేది, ఆ ఖాళీ తన కోసమేనని సుభాషిణికి తెలుసు. అందులోకి కూరగాయల ధరలు వేసింది. ఆఫీసు సంగతులు వేసింది. ఎండలు మండిపోతున్నాయంది.

ఆఖరికి హైమే కత్తిపీట పక్కన పెట్టి తల్లి ఊసెత్తింది.

“అమ్మే తీసుకెళ్ళిపొమ్మంది అక్కా. నా చేతులట్టుకుని ఏడ్చింది. ఈ గొట్టాలతో చావలేను, దానికి చెప్తే వదల్దు, చెప్పకుండా తీసుకుపో అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.”

ఇది విని సుభాషిణి కరిగిపోవాలి. ఆమె కూడా అలాగే అనుకుంది, కరుగుతానేమోనని ఒక నిమిషం ఎదురుచూసింది. కరగలేదు. అమ్మ ఆఖరి కోరిక కూడా దీనితోనే చెప్పుకుందా అన్న కోపం మాత్రం భగ్గుమంది. అప్పుడు ఆస్పత్రి బిల్లులు కట్టినది నేను, నమ్మదగిన మనిషి ఇదీ. ఆమెకి కత్తి అంటే భయం లేదు, ఆపరేషనంటే భయం లేదు, ఒక్క కిడ్నీతో మిగిలిన బతుకు వెళ్ళదీయడానికీ భయం లేదు. ముక్కూ మొహం తెలియని వాడెవడైనా అడిగితే ఇచ్చేసేదేమో. హైమకి ఇవ్వాలని లేదు. అంతే. అంత చిన్న విషయం తనకి ఇన్నాళ్ళూ తెలియకుండా ఎలా ఉందో ఆమెకి అర్థం కాలేదు.

“పోన్లే,” అంది. “అయిపోయిందేదో అయిపోయింది.”

భోజనాలు చేశారు. బీరకాయ కూర బాగుందని సుభాషిణి రెండోసారి వడ్డించుకుంది. హైమ ఉప్పు లేని అన్నం నాలుగు ముద్దలు తిని చేయి కడుక్కుంది. జగన్నాథం పిల్లలతో తిరిగొచ్చి, గుమ్మంలోనే ఆగి భార్య మొహంలోకి చూశాడు. చూసి, వదినగారు బస్సు దాకా ఆటోలో వెళ్తారా అని అడిగాడు.

ఆటో వచ్చాక హైమ వీధి గుమ్మం దాకా నడిచొచ్చింది. ఆ నాలుగడుగులకే ఆయాసపడింది.

“నీ ఉత్తరం అందిందక్కా,” అంది.

సుభాషిణి ఆటో ఎక్కబోతూ ఆగింది. “అది నేను రాయలేదు హైమా. మా మిషను రాసింది. ఒట్టు.”

“తెలుసు. మిషను జవాబులు రాస్తుందని సంక్రాంతి ముందు నువ్వే రాశావు కదా. చదవగానే తెలిసింది, నువ్వెప్పుడూ అంత వివరంగా రాయవు. వస్తున్నానని నువ్వు పంపగానే, సరే, అక్క నోటితోనే విందామనుకున్నాను.” హైమ తలుపు రెక్క పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. “పొద్దుట్నించీ కూర్చునే ఉన్నాం కదక్కా.”

అప్పటికీ సమయం మించిపోలేదు. ఒక్క మాట చాలు. ఆటోవాడు హారను కొట్టాడు. సుభాషిణి చెల్లెలి భుజం మీద చేయి వేసి, ఒళ్ళు జాగ్రత్త, మందులు మానకు అంది. హైమ తలూపింది. ఆటో సందు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే ఉంది, సుభాషిణి మాత్రం వెనక్కి చూడలేదు.

మర్నాడు ఆఫీసులో ఆమె బల్ల మీద ఎవరో పళ్ళ బుట్ట పెట్టారు. భానోజీరావు గదిలోంచి ఎదురొచ్చి, సెలవు ఎప్పట్నించి కావాలని అడిగాడు. అక్కర్లేదంది. ఆయనకి ముందు అర్థం కాలేదు. తర్వాత మొహం దిగాలుగా పెట్టి, ఆమెకొక దారి చూపించాడు.

“కుదర్లేదా అమ్మా? టెస్టుల్లో తేడా వచ్చిందా?”

అవునంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు, అందరూ అయ్యో అనేవారు, గౌరవం అలాగే ఉండేది. యంత్రం అబద్ధమాడిందన్న మాట కూడా నిలబడేది. సుభాషిణి ఆ అబద్ధాన్ని నోటిదాకా తెచ్చుకుంది. కానీ తను ఎలాంటిదో తెలిసిన మనుషులు విజయనగరంలో ఇద్దరున్నారు, ఇక్కడ ఆ యంత్రం ఒకటుంది. ఇంక ఎవరి దగ్గర దాచి ఏం లాభమనిపించింది.

“టెస్టుల దాకా వెళ్ళలేదు సార్. అది సరిగ్గానే రాసింది.”

భానోజీరావు ఆమె వంక చూడలేక కిటికీ వైపు తిరిగాడు. రంగుల కొట్టు ముందు లారీలోంచి డబ్బాలు దింపుతున్నారు. ఆయనకి జాలేసింది, సిగ్గేసింది. ఆ రెండింటి అడుగున, పన్నెండు కుటుంబాలు గట్టెక్కాయన్న సంతోషం కూడా కలిగింది. ఇటు తిరిగి, తీసేసినదాన్ని మళ్ళీ పెట్టెయ్యమ్మా అని ఎస్తేరుతో మెల్లగా చెప్పాడు. వచ్చే నెల నుంచి అమ్మకానికి పెడదామన్నాడు. పళ్ళ బుట్ట తెచ్చినవాళ్ళెవరో గానీ, తలొంచుకుని తమ పనిలో పడ్డారు.

ఎస్తేరు కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కరి ఫోల్డర్లూ తిరిగి యంత్రానికి అప్పగించసాగింది. ముందు భానోజీరావుది, తర్వాత తన పాటల బృందానిది. మూడోదాని దగ్గర ఆమె చేయి ఆగింది. సుభాషిణి వెనకే నిలబడి ఉంది. ఆ ఉదయం ఆ ఫోల్డర్లోకి కొత్త ఉత్తరం ఒకటి వచ్చింది, ఇంకా ఎవరూ తెరవలేదు.

“మేడమ్, హైమ గారిది మీరే రాసుకుంటారా?”

సుభాషిణి తెర మీద చెల్లెలి పేరు వంక చూసింది.

“వద్దు. దానికే వదిలెయ్యి.”